పాత చందమామలు

తల నెరసినవారు తమ చిన్ననాటి బొమ్మల పత్రికలకై అంగళ్లు గాలించుట ఒక వ్యసనమని కొందరు పరిహసించుచున్నారు. హైదరాబాదున ఆదివారమునాడు అబిడ్సు కాలిబాటలపైనను, విజయవాడ లెనిన్ సెంటరులోని పాతపుస్తకముల దుకాణములలోను ఇట్టివారు కానవచ్చుచునే యున్నారు. చేతిలో ఒక చీటీ. అందు కొన్ని నెలల పేర్లు, కొన్ని సంవత్సరములు. 1956 మార్చి యున్నదా? 1961 ఆగస్టు యున్నదా? దుకాణదారుడు తీసి చూపినది తమవద్ద నున్న సంచికయే యైనచో ముఖము వాడును. లేనిదైనచో వెల యడుగకమునుపే చేయి జేబులోనికి పోవును. వైద్యులు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, అమెరికాలో స్థిరపడి సెలవులకు వచ్చిన ఇంజనీర్లు, అందరును ఈ వరుసలో నున్నారు. ఇంటివారికిది నవ్వులాట. దుమ్మనియు, చెదలనియు, బీరువా చాలదనియు ఇల్లాండ్ర ఫిర్యాదులకును కొదవలేదు.

ఈ పరిహాసము అస్థానమని మా అభిప్రాయము. ఈ పెద్దలు చేయుచున్నది మన గ్రంథాలయములు చేయవలసియుండి చాలవరకు చేయక విడిచిన పని. అయితే వారు దానిని సగమే చేయుచున్నారు. మిగిలిన సగమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది.

తెలుగువారి విషయమున ఈ వేట యంతయు ప్రధానముగా ఒక పత్రిక చుట్టును తిరుగుచున్నది. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి గార్లు మద్రాసునుండి ‘చందమామ’ను వెలువరించిరి. తమిళమున ‘అంబులిమామ’ అను పేర అదియే వెలువడినది. మన స్వాతంత్ర్యముకన్న ఈ పత్రిక ఒక నెల పెద్దది. అంతకు రెండేండ్ల ముందే, రేడియో అన్నయ్య అక్కయ్యలుగా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘బాల’ను ప్రారంభించియుండిరి. కాని ఇన్ని దశాబ్దములు, ఇన్ని భాషలలో, ఇంతమంది బాలుర చేతులలో నలిగిన పత్రిక చందమామ వంటిది మరియొకటి లేదు. 1952 మొదలు 1980లో తాము మరణించువరకు కొడవటిగంటి కుటుంబరావుగారు దానిని తీర్చిదిద్దిరి. బొమ్మలు లేని పుట ఉండరాదన్నది ఆ పత్రిక నియమమువలె నుండెను. ఎం. టి. వి. ఆచార్య, చిత్ర, వడ్డాది పాపయ్య, శంకర్ – ఈ నలువురి కుంచెలు మూడు తరముల తెలుగు బాలురకు రాజును, రాక్షసుని, అడవిని, కోటను చూపినవి. భుజముపై శవముతో, చేత కత్తితో శ్మశానమున నడచు విక్రమార్కుడు ఎట్లుండునో మనకందరకును తెలియును; ఆ రూపమును స్థిరపరచిన శంకర్‌గారు 2020లో దివంగతులైరి.

భాషను గూర్చియు ఒక మాట. చక్రపాణిగారు పిల్లవాడు తడుముకొనకుండ చదువగల తెలుగునే కోరిరి. మేము వ్రాయు ఈ తెలుగున చందమామను వ్రాసియుండినచో దానిని ఏ బాలుడును రెండవ నెల కొనియుండెడివాడు కాడు. ఇది మేము సంతోషముతోనే ఒప్పుకొనుచున్నాము.

ఇక పెద్దవాడైన పిమ్మట ఈ సంచికలకై వెదకుట యేల? బాల్యముమీది మమకారమని యొక్క మాటతో తేల్చివేయుట సులభము. కాని మమకారము మాత్రమే యైనచో పది సంచికలు చాలును, ఏడువందలు అక్కరలేదు. అసలు కారణము ధారావాహిక కథలలో నున్నదని మాకు తోచుచున్నది. 1954లో ‘తోకచుక్క’తో మొదలిడి 1978 వరకు దాసరి సుబ్రహ్మణ్యంగారు పండ్రెండు ధారావాహికలను చందమామకు వ్రాసిరి. ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ – ఈ పేర్లు వినినంతనే నేటికిని వెన్ను నిక్కబొడుచుకొను ముదుసళ్లు కలరు. నెలకు కొలది పుటలు; ప్రతినెలయు వీరుడు ఏదో కొండ అంచునకో, మొసలి నోటికో చేరునప్పటికి కథ ఆగును. మరుసటి నెల ఏమైనదో తెలియవలెనన్న సంచిక రావలెను. రాదు. పరీక్షలని తండ్రి కొనడు. ఏజెంటునకు ప్రతులు తక్కువ వచ్చును. వేసవికి అమ్మమ్మగారి ఊరికి పోయి వచ్చునప్పటికి నెల దాటిపోవును. ఎరువు తీసికొనిన స్నేహితుడు మరల ఈయడు. ఇట్లు ప్రతి బాలుని మనస్సులోను ఒకటి రెండు కథలు మొసలి నోటిలోనే నిలిచిపోయినవి. నలువదియేండ్ల వయస్సున, సొంత సంపాదన చేతికి వచ్చిన పిమ్మట, వానిని బయటకు లాగుటకై ఆ మనుష్యుడు బయలుదేరును. ఇది చిన్నతనము కాదు. అప్పు తీర్చుకొనుట వంటిది.

తీరిన పిమ్మట కలుగు అనుభవము విచిత్రమైనది. ఏండ్ల తరబడి వెదకిన సంచిక దొరకును, ఆ కథాభాగము కొలది పుటలే, అరగడియలో అయిపోవును. తాము ఊహించుకొనిన అడవి బొమ్మలోని అడవికన్న దట్టముగా నుండెనని కొందరు చెప్పుదురు. కాని సంచికను మూయక ముందు కన్ను పక్కపుటకు పోవును. చిన్ననాడు చూడక దాటించినవన్నియు ఇప్పుడు చదువదగినవై యుండును. సబ్బుల ప్రకటనలు, బిస్కెత్తుల ప్రకటనలు, పాఠకుల ఊళ్ల పేర్లు, అట్టమీది వెల – అణాలనుండి నయాపైసలకు, పైసలనుండి రూపాయలకు. పక్కపక్కన పేర్చిన సంచికలలో దేశముయొక్క నాణెములు, కాగితపు నాణ్యము, రంగుల ముద్రణ, పిల్లలకు పెద్దలు ఏమి చెప్పదలచిరో ఆ సంగతి, అన్నియు ఒక వరుసలో కనబడును. ఒక్క సంచికలో ఇది లేదు. వరుసలో మాత్రమే యున్నది. మధ్య మూడేండ్లు లోపించినచో చరిత్రలో మూడేండ్లు లోపించినట్లే. పూర్తి చేయవలెనను పట్టుదలకు ఇంతకన్న మంచి సమర్థన మాకు కానరాదు.

ఇట్లు వెదకువారికి కలిగిన పరిజ్ఞానమును చూచినచో పండితులు సిగ్గుపడవలెను. చందమామ 1998లో ఆగి 1999 చివరగాని తిరిగి రాలేదు. ఆ సంగతి తెలియని క్రొత్తవాడు అచ్చే కాని నెలలకై సంవత్సరములు తిరుగును. అనంత్ పై గారి సారథ్యమున 1967లో ఆరంభమైన ‘అమర చిత్ర కథ’ల వరుస ఆంగ్లమున 11వ సంఖ్యయగు ‘కృష్ణ’తో మొదలగును. మొదటి పది ఏవి? పాశ్చాత్యుల పిట్టకథలకు కన్నడమున వచ్చిన బొమ్మల పుస్తకములు. కృష్ణునికి ముందు సిండెరెల్లా యుండెనన్నమాట! చందమామ ధారావాహికలపై దాసరివారి పేరైనను ముద్రింపబడెడిది కాదు. ఆ కథలు ఎవరివో నేడు బాలురకును తెలియుటకు పాత సంచికలను దాచి, పోల్చి, అడిగి, వ్రాసికొనిన అభిమానులే చాలవరకు కారణము. ఆయన 2010లో పరమపదించిన పిమ్మట ఆ రచనలు కొన్ని పుస్తకరూపమున వెలువడినవి. ప్రతులు దాచినవారే లేకున్న అచ్చొత్తుటకు మూలమెక్కడిది?

సంచికలు ఇంత అరుదగుటకు కారణము చెప్పవలెనన్న అందరమును తల వంచుకొనవలసినదే. ఏటికొకమారు సంక్రాంతి ముందర ఇల్లు దులుపునపుడు పాత కాగితములవాని త్రాసులోనికి పోయినవి కొన్ని. పచారీ కొట్టులో వేరుశనగకాయల పొట్లములైనవి కొన్ని. శ్రద్ధగల ఇండ్లలో నైనను రక్షణ పేర జరిగిన నష్టము తక్కువ కాదు. పండ్రెండు సంచికలు కలిపి బైండు చేయించునపుడు బైండరు అట్టలను, ప్రకటనల పుటలను చింపి పారవేయుట మన ఊళ్లలో ఆచారము. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రములు ఎన్ని ఈ విధముగా చెత్తబుట్టకు పోయినవో! మరికొందరు ధారావాహిక పుటలను మాత్రము విడదీసి కుట్టుకొని, తక్కిన పత్రికను పొయ్యికి నిచ్చిరి. మదరాసులో పాతపుస్తకములకు కాణాచియైన మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయినది. అది ఒక్కనాటి అగ్ని. మన ఇండ్లలోనిది నిత్యాగ్నిహోత్రము.

అమెరికాలోను ఇదియే కథ. అయితే అక్కడ దానికి రెండు ముగింపులు కలవు. సూపర్‌మ్యాన్ మొదట కనబడిన ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక 1938లో వెలువడినది. వెల పది సెంట్లు. రెండవ ప్రపంచయుద్ధమున తుక్కుకాగితము పోగుచేయు ఉద్యమమునకు అట్టివి లక్షలుగా పోయినవి. మిగిలినవానిని తల్లులు పారవేసిరి. పెద్దవారైన కుమారులు వానికై తిరిగి వెదకుటతో వెలలు పెరిగినవి. 2014లో ఆ తొలి సంచికయొక్క ఒక ప్రతి 32 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. వెల పెరుగగానే పఠితలు వెనుకకు జరిగి వర్తకులు ముందునకు వచ్చిరి. ఇప్పుడు సంచికకు మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్కు పలకలో మూసి ముద్రవేయు సంస్థలు వెలసినవి. ముద్ర పగులగొట్టినచో వెల పడిపోవును గనుక ఆ పుస్తకమును ఎవ్వరును తెరువరు. చదువరాని పుస్తకమునకే హెచ్చు వెల! ఇది ఒక ముగింపు. మన అంగళ్లలోను తొలి సంచికలకు వేలలో వెల చెప్పువారు బయలుదేరుచున్నారు గనుక ఈ దారి ఎటు పోవునో ముందుగనే తెలిసికొనుట మంచిది.

రెండవ ముగింపు బిల్ బ్లాక్‌బియర్డ్ అను కాలిఫోర్నియా నివాసిది. అక్కడ దినపత్రికలలో రంగుల బొమ్మకథలు వెలువడెడివి. బాల్యమునుండి అవి ఆయనకు ప్రాణము. 1960 ప్రాంతముల గ్రంథాలయములు పాత దినపత్రికలను నలుపు తెలుపుల మైక్రోఫిల్ముగా తీయించి, అసలు సంపుటములను వదలించుకొన మొదలిడినవి. రంగులు పోయినవి, కాగితము పోయినది, మిగిలినది మసక నీడ. ఆయన పోయి ఆ సంపుటములను నాకిండని యడుగగా, ఒంటరి వ్యక్తికి ఈయరాదు, సంస్థ కైనచో ఈయవచ్చునని సమాధానము వచ్చెను. వెంటనే 1968లో తన ఇంటినే లాభాపేక్షలేని సంస్థగా మార్చివేసెను! ముప్పదియేండ్లు పోగుచేసెను. మెట్లక్రింద, గదులలో, గ్యారేజీలో ఎక్కడ చూచినను పత్రికలే. తుదకు 1998లో ఆ భాండారమంతయు ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చేరినది. బరువు 75 టన్నులు. ఆరు పెద్ద లారీలు పట్టినవి. నేడు అమెరికా బొమ్మకథల చరిత్రను పరిశోధించువారు ఆ తలుపు తట్టవలసినదే. గ్రంథాలయములు పారవేసినదానిని ఒక వ్యసనపరుడు ఏరి, తిరిగి గ్రంథాలయమునకే అప్పగించెను. మా వాదమునకు ఇంతకన్న స్పష్టమైన దృష్టాంతము అక్కరలేదు.

మనదేశమున పరిస్థితి ఎట్లున్నది? చట్టము లేకపోలేదు. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టమును 1956లో పత్రికలకును విస్తరించిరి. ప్రచురణకర్తలు కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మద్రాసు కన్నెమరా మొదలగు గ్రంథాలయములకును ప్రతులు పంపవలెను. కాని నెల్లూరులోనో, కరీంనగరములోనో ఉన్న విద్యార్థికి కలకత్తాలోని బీరువా ఏమి ఉపకరించును? తెలుగునాట మనము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సు చెల్లించుచునే యున్నాము. ఆ సొమ్ముతో నడచు ఎన్ని గ్రంథాలయములలో ఒక తెలుగు బాలల పత్రిక ఆద్యంతము దొరకును? ఆనాటి మాసపత్రికలు బల్లపై నలిగి, ఏడాది తుదిని తూకమునకు పోవుటయే పరిపాటిగా నుండెను. బాలల పత్రికను భద్రపరచదగిన వాఙ్మయముగా ఎంచినవారు అరుదు. ప్రబంధములను భద్రపరచితిమి, శాసనములను భద్రపరచితిమి. ఆ ప్రబంధములను చదువగల తెలుగును మనకు మప్పిన పుటలను మాత్రము పొట్లములు కట్టితిమి.

పత్రికాధిపతులనే అడుగుదమన్నను వీలులేదు. చందమామ 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అను సంస్థ చేతికి పోయెను. ఆ సంస్థ ఋణములలో మునిగినది. 2013 నాటికి పత్రికయు నిలిచిపోయినది. కనుక ఈనాడు ఈ వరుసను కాపాడుచున్నవి కొందరు గృహస్థుల బీరువాలు మాత్రమే. అభిమానులు చాల సంచికలకు స్కాను ప్రతులు తీసి అందరకును అందించిరి. ఆ శ్రమ శ్లాఘనీయము. కాని స్కాను ప్రతి యెంత మంచిదైనను అది యెవరో దాచిన కాగితమునకు నీడయే. చిరిగిన మూల, లోపించిన అట్ట, వెలసిన రంగు స్కానులోను అట్లే యుండును. రేపు మెరుగైన యంత్రముతో మరల తీయవలెనన్న కాగితము ఉండవలెను కదా.

ఆ కాగితము శాశ్వతమైనది కాదు. కర్రగుజ్జుతో చేసిన చౌక కాగితము తనలోని ఆమ్లముచేతనే పసుపుబారి పెళుసెక్కును. పిన్నులు త్రుప్పుపట్టి మధ్యపుటలను తినివేయును. చిరుగులకు సెల్లో టేపు అంటించువారు, అట్టలకు లామినేషను చేయించువారు మేలు చేయుచున్నామని తలచి కీడు చేయుచున్నారు. ఆ జిగురు మరక మరల పోదు. తడి తగులని చోట, ఎండ పడని చోట, పిన్నులు తీసివేసి, బల్లపరుపుగా పెట్టుట చాలును.

దీనికన్న పెద్ద ప్రమాదము మరియొకటి కలదు. మా పాఠకులలో భూస్వాములు పెక్కురు. అరకుంట చెలకకును దస్తావేజు వ్రాయించువారు, గట్టు తగాదాకు పదియేండ్లు కోర్టుకు తిరుగువారు, ఇరువదియేండ్లు వెచ్చించి కూర్చిన ఏడువందల సంచికలకు ఒక్క వాక్యమైనను వ్రాసి పెట్టరు. అన్నదమ్ములు పంచుకొనునపుడు ఇత్తడి చెంబు సహితము పట్టికకెక్కును. ఈ కట్టలు ఎక్కవు. పెద్దాయన పోయిన మూడవ నెలలో, ఇల్లు సున్నము వేయించు సందర్భమున, ఏ సంచికకై ఆయన పది జిల్లాలు తిరిగెనో ఆ సంచిక కిలోల లెక్కన బయలుదేరును. కుమారులను నిందించి ప్రయోజనము లేదు. అదేమిటో వారికి ఎవరును చెప్పలేదు. వారి బాల్యములో అది లేదు.

కనుక వరుసను పూర్తి చేయుటతో పని పూర్తి కాలేదు. అది ఎవరి చేతికి పోవలెనో బ్రతికియుండగనే వ్రాసి పెట్టుట రెండవ సగము. వీలునామాలో ఒక పేరా చాలును. సంచికల పట్టిక ఒక ప్రతి దానికి జతపరచవలెను. వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము, హైదరాబాదున 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ప్రభుత్వములు కట్టించినవి కావు; మీవంటి గృహస్థుల దానములతో నిలిచినవే.

దాతల సంశయము మాకు తెలియనిది కాదు. ఇచ్చిన పుస్తకములు గోనెసంచులలో వరండా పాలైన ఉదంతములు ఎల్లరకును తెలిసినవే. అందుచేత ఊరక ఈయవలదు, షరతులతో నిండు. వరుసను విడదీయరాదని, అట్టలు తొలగించి బైండు చేయరాదని, స్కాను తీసి ఒక ప్రతిని దాత కుటుంబమునకు ఈయవలెనని, కోరి వచ్చిన పఠితకు చూపవలెనని కాగితముపై వ్రాయించుకొనుడు. ఒప్పుకొనని గ్రంథాలయమునకు నమస్కారము పెట్టి మరియొకదానిని చూచుకొనుడు. అంతవరకు ఆగజాలనివారు తమవద్ద మార్పిడికై యుంచుకొనిన జంట ప్రతులను ముందు ఈయవచ్చును. ఒకరి బీరువాలో రెండుమార్లు ఉన్న 1956 మార్చి మరియొకరి బీరువాలో లేనిదే యగును. ఒక జిల్లాలోని ముగ్గురు సేకర్తల పట్టికలు ఒకచోట పెట్టి చూచినచో లోపములు చాలవరకు తీరిపోవును.

గ్రంథాలయ సంస్థల అధికారులనుండి మేము కోరునది స్వల్పము. తమవద్ద ఏయే బాలల పత్రికలు, ఏయే సంచికలు ఉన్నవో, ఏవి లేవో పట్టిక వ్రాయించి ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయపు ద్వారముకడ అంటింపవలెను. చందమామతోపాటు బాలయు, బాలమిత్రయు, బొమ్మరిల్లును అందు చేరవలెను. ఇందులకు క్రొత్త చట్టము అక్కరలేదు, ప్రత్యేక నిధి అక్కరలేదు; ఒక గుమాస్తా, ఒక వారము, నాలుగు తావుల కాగితము చాలును. లేనివాని పట్టికను చూచిన యెడల చీటీలు చేతబట్టి తిరుగువారు ఊరుకొనరు.